ఇంట్లో పులి, వీధిలో పిల్లి: మనిషి గుణం ఎక్కడుంటుంది?

రెండేళ్ల కింద మా చిన్నాన్న కూతురికి ఒక సంబంధం వచ్చింది. చదువు, ఉద్యోగం, కుటుంబం అన్నీ నచ్చాయి. ఇక అబ్బాయి గుణం గురించి వాకబు చేయడమే మిగిలింది. వాళ్ల ఊళ్లో పక్కింటి పెద్దాయన్ని అడిగితే, "ఆ అబ్బాయా, నోట్లో నాలుక లేనివాడు" అన్నారు. హైదరాబాద్‌లో అతనితో కలిసి పనిచేసే ఒకతను మాత్రం, "మంచోడే గానీ బాగా షార్ట్ టెంపర్ అండీ" అని చెప్పాడు. మా చిన్నాన్నకు టెన్షన్ పట్టుకుంది. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారని ఆయన అనుమానం. అబ్బాయి పెద్దల ముందు నటిస్తున్నాడేమోనని పిన్ని భయం.

ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు కదా అని నాకనిపించింది. మనస్తత్వ శాస్త్రం నూరేళ్లుగా తలపట్టుకుంటున్నది సరిగ్గా ఈ చిక్కుతోనే. మనిషికి గుణం అనేది ఒకటి లోపల స్థిరంగా ఉంటుందా? లేక చోటును బట్టి, ఎదుటివాళ్లను బట్టి మారిపోతుందా?

పాఠ్యపుస్తకం తెరిస్తే ఫ్రాయిడ్, యూంగ్, ఆల్‌పోర్ట్, బండూరా, రోజర్స్ అని సిద్ధాంతాలు వరసగా నిలబడి ఉంటాయి. ఒకే ప్రశ్నకు పదిమంది పది జవాబులు చెప్పినట్టు అనిపిస్తుంది. ఎవరిది ఒప్పో తేలక పుస్తకం మూసేస్తాం. నాకు అర్థమైనంతలో, వాళ్లందరూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు. ఈ మనిషి మిగతావాళ్లకంటే ఏ విషయంలో వేరు అని కొందరు అడిగారు. ఇతని లోపల ఏ గొడవ జరుగుతోంది అని ఇంకొందరు అడిగారు. ఇతను ఎప్పుడు, ఎవరి దగ్గర ఇలా ఉంటాడు అన్నది మరికొందరి ప్రశ్న. ఎవరు ఏం అడిగారో విడదీసి చూస్తే సగం గందరగోళం అక్కడే పోతుంది.

ముందు ఒక మాట సంగతి. మనం "ఆయన వ్యక్తిత్వం ఉన్న మనిషి" అన్నామంటే పొగుడుతున్నామని అర్థం. వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే తెలుగు పుస్తకాలు కూడా ఆ మాటను మెరుగుపరచుకోవాల్సిన వస్తువులాగే చూస్తాయి. శాస్త్రంలో ఈ మాటకు మెప్పూ లేదు, నిందా లేదు. పిరికివాడికీ వ్యక్తిత్వం ఉంది, పీనాసికీ ఉంది. ఒక మనిషి ఆలోచనల్లో, భావాల్లో, నడవడిలో తరచూ కనిపించే తీరు, అంతే.

నిఘంటువులో దొరికిన మనుషులు

ఎవరు ఎలా వేరు అన్న ప్రశ్నను గట్టిగా పట్టుకున్నవాడు అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్. మనుషుల మధ్య నిజంగా ముఖ్యమైన తేడా ఏదైనా ఉంటే, జనం దానికి ఎప్పుడో ఒక మాట పుట్టించి ఉంటారన్నది అక్కడి ఆలోచన. 1936లో ఆయన, హెన్రీ ఆడ్బర్ట్ కలిసి ఒక పెద్ద వెబ్‌స్టర్ నిఘంటువును మొదటి నుంచి చివరిదాకా జల్లెడ పట్టారు. మనిషిని వర్ణించే మాటలు 17,953 దొరికాయి. అందులో స్థిరమైన స్వభావాన్ని చెప్పేవి 4,504.

మన భాషలో ఆ పని మొదలుపెడితే ఎన్ని దొరుకుతాయో! ముక్కోపి, ముభావి, వాగుడుకాయ, గడసరి, సోమరి, పీనాసి, నెమ్మదస్తుడు, చాదస్తుడు, పెంకివాడు, కలుపుగోలు మనిషి. ఒక్కో మాట వెనుక తరాల తరబడి మనుషులను గమనించిన అనుభవం ఉంది.

కానీ నాలుగు వేల మాటలతో ఎవరినీ కొలవలేం. వీటిలో చాలా మాటలు గుంపులుగా కలిసి నడుస్తాయి. కలుపుగోలు మనిషి సాధారణంగా మాటకారి కూడా అవుతాడు, నలుగురిలో ఉత్సాహంగా ఉంటాడు. ఏ మాట ఏ మాటతో కలిసి నడుస్తోందో లెక్కగట్టే పద్ధతితో రేమండ్ కాటెల్ ఆ జాబితాను 16 గుణాలకు కుదించి, 1949లో ఒక ప్రశ్నావళి తెచ్చాడు. 1961లో అమెరికా వైమానిక దళం కోసం పనిచేసిన టూప్స్, క్రిస్టల్ ఆ సమాచారాన్ని మళ్లీ లెక్కవేస్తే ఐదే గుంపులు తేలాయి. తర్వాత లూయిస్ గోల్డ్‌బర్గ్, పాల్ కోస్టా, రాబర్ట్ మెక్‌క్రే లాంటివాళ్ల పనితో అదే 'బిగ్ ఫైవ్'గా స్థిరపడింది.

ఆ ఐదింటినీ మన మాటల్లో చెప్పుకోవచ్చు. కొత్త విషయాల మీద, కొత్త ఆలోచనల మీద ఎంత ఆసక్తి. పనిని ఎంత పద్ధతిగా, బాధ్యతగా చేస్తాం. నలుగురిలో ఎంత చొరవగా కలుస్తాం. ఎదుటివాళ్లతో ఎంత మెత్తగా, సర్దుకుపోయేలా ఉంటాం. ఎంత తేలిగ్గా ఆందోళన పడతాం, కుంగిపోతాం. ఇవి పెట్టెలు కావు, కొలబద్దలు. ఎత్తు లాగే ప్రతి మనిషీ ఒక్కో కొలబద్ద మీద ఎక్కడో ఒక చోట ఉంటాడు. ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు.

ఈ ఐదు గుణాలు మనిషిని వర్ణిస్తాయే గానీ, ఎందుకలా ఉన్నాడో చెప్పవు. "వాడెందుకు అరిచాడు? కోపిష్టి కాబట్టి. కోపిష్టి అని నీకెలా తెలుసు? అరిచాడు కాబట్టి." ఇలా గానుగెద్దులా తిరుగుతూ ఉండిపోయే ప్రమాదం గుణాల భాషలో ఎప్పుడూ ఉంటుంది.

ఐదనే సంఖ్య ప్రపంచమంతటికీ వర్తిస్తుందా అన్నది ఇంకో పేచీ. చదువుకున్న, నగరాల్లో ఉన్న జనంలో చాలా దేశాల్లో ఈ ఐదూ కనిపించాయి. బొలీవియా అడవుల్లో సొంత తిండి తాము పండించుకుంటూ, వేటాడుతూ బతికే చిమానే తెగలో 632 మందిని పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో మాత్రం ఆ ఐదు గుంపులూ విడివిడిగా తేలలేదు. మన దగ్గరే చూడండి. 'మొహమాటం' అన్న మాటను ఈ ఐదింటిలో ఎక్కడ పెడతాం? అది మెత్తదనమా, బిడియమా, భయమా? కొంత కొంత అన్నీ. పైగా మొహమాటం ఎవరి ముందు అన్నదాన్ని బట్టి వస్తుంది. సొంత అన్న దగ్గర లేని మొహమాటం బావగారి దగ్గర పుట్టుకొస్తుంది. మనిషినీ సందర్భాన్నీ ఒకే మాటలో ముడివేసిన పదం అది. ఆ ముడి దగ్గరే శాస్త్రంలో పెద్ద గొడవ జరిగింది.

1968లో వచ్చిన కుదుపు

నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించిన 1938లో వియన్నా వదిలిపోయిన యూదు కుటుంబాల్లో ఎనిమిదేళ్ల వాల్టర్ మిషెల్ కుటుంబం ఒకటి. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పెరిగిన ఆ పిల్లవాడు 1968లో ఒక పుస్తకం రాసి తన రంగాన్నే కుదిపేశాడు. అప్పటిదాకా జరిగిన పరిశోధనలు తిరగేసి ఆయన చెప్పిందేమిటంటే, గుణాల పరీక్షలో వచ్చిన మార్కుకూ ఒక ప్రత్యేక సందర్భంలో మనిషి నిజంగా చేసే పనికీ మధ్య సంబంధం సుమారు 0.3 దాటదని. ఏ సంబంధమూ లేకపోతే సున్నా, పూర్తి సంబంధం ఉంటే ఒకటి అనుకుంటే, 0.3 చిన్న అంకే అనిపిస్తుంది.

దీనికి నలభై ఏళ్ల ముందే ఒక హెచ్చరిక వచ్చింది. 1928లో హార్ట్‌షోర్న్, మే అనే పరిశోధకులు వేలమంది బడిపిల్లలకు కాపీ కొట్టడానికి, అబద్ధం చెప్పడానికి, చిల్లర కొట్టేయడానికి రకరకాల అవకాశాలు కల్పించి చూశారు. పరీక్షలో కాపీ కొట్టిన పిల్లవాడు ఆటలో మోసం చేయకపోవచ్చు. ఇంట్లో అబద్ధం చెప్పినవాడు బడిలో నిజాయితీగా ఉండొచ్చు. "నిజాయితీపరులు, మోసగాళ్లు" అని పిల్లలను రెండుగా విడదీయడం వాళ్లకు కుదరలేదు.

మిషెల్ తర్వాత పదిహేనేళ్లపాటు మనస్తత్వవేత్తలు రెండు పక్షాలుగా విడిపోయి వాదించుకున్నారు. మనిషి గొప్పా, సందర్భం గొప్పా? ఆ వాదనను ముందుకు కదిలించిన జవాబులు రెండున్నాయి.

ఒకటి సీమోర్ ఎప్‌స్టైన్ 1979లో ఇచ్చింది. క్రికెట్ తెలిసిన మనకు అది ఇట్టే ఎక్కుతుంది. ఎంత గొప్ప బ్యాట్స్‌మన్ అయినా ఫలానా ఇన్నింగ్స్‌లో ఎన్ని కొడతాడో చెప్పలేం, డకౌట్ కూడా కావచ్చు. అయినా వంద ఇన్నింగ్స్‌ల సగటు చూస్తే ఎవరు ఎలాంటి ఆటగాడో స్పష్టంగా తెలుస్తుంది. గుణం కూడా అంతే, ఒక్క రోజు నడవడిని చెప్పలేకపోయినా చాలా రోజుల సగటును బాగానే చెబుతుంది.

రెండోది డేవిడ్ ఫండర్, డేనియల్ ఓజర్ 1983లో చేసిన లెక్క. సందర్భమే అన్నిటినీ నడిపిస్తుందని చాటిన ప్రసిద్ధ ప్రయోగాలను అదే కొలతలోకి మార్చి చూస్తే, వాటి బలం కూడా 0.4 చుట్టుపక్కలే తేలింది. అంటే ఏ పక్షమూ రెండో పక్షాన్ని చూసి నవ్వే పరిస్థితి లేదు. అసలు 0.3 అంత చిన్నదేమీ కాదు. సగానికి సగం ఉన్న అవకాశాన్ని నూటికి 65కు పెంచే సంబంధం అది.

అన్నిటికంటే నాకు నచ్చిన జవాబు మాత్రం మిషెల్, ఆయన సహచరుడు యూయిచి షోడా తర్వాత సొంతంగా కనుక్కున్నది. అమెరికాలో ప్రవర్తన సమస్యలున్న పిల్లల కోసం నడిపే ఒక వేసవి శిబిరంలో 84 మందిని ఆరు వారాలపాటు గమనించారు. ఎవరికి ఎంత కోపం అని సగటు తీసి వదిలేయలేదు. తోటి పిల్లలు ఏడిపించినప్పుడు, తోటివాళ్లు స్నేహంగా దగ్గరికొచ్చినప్పుడు, పెద్దలు మెచ్చుకున్నప్పుడు, హెచ్చరించినప్పుడు, శిక్షించినప్పుడు అని విడివిడిగా రాసుకున్నారు. మొత్తంమీద ఒకే స్థాయిలో కోపం చూపిన ఇద్దరు పిల్లల్లో ఒకడు తోటివాళ్లు ఏడిపిస్తే రెచ్చిపోయేవాడు, రెండోవాడు పెద్దలు హెచ్చరిస్తే రెచ్చిపోయేవాడు. వారాలు గడిచినా ఆ తీరు చాలామందిలో అలాగే నిలిచింది. ఇలా జరిగితే ఇలా, అలా జరిగితే అలా అనే ఆ నమూనాయే వాళ్ల స్థిరమైన గుణం. 1994లో ప్రచురించిన ఈ పని వ్యక్తిత్వం మీద వచ్చిన గొప్ప పరిశోధనల్లో ఒకటని నేను గట్టిగా నమ్ముతాను. 'ఇంట్లో పులి, వీధిలో పిల్లి' అని మనం అనుకునే మనిషి రెండు ముఖాలవాడు కానక్కర్లేదు. పులి ఎక్కడ లేస్తుందో, పిల్లి ఎక్కడ నక్కుతుందో ఆ పటమే అతను.

మా చిన్నాన్నతో అదే చెప్పాను. కోపిష్టా కాదా అని అడగొద్దు, ఎప్పుడు కోపం వస్తుందో అడుగు అన్నాను. ఆయన ఆ సహోద్యోగికి మళ్లీ ఫోన్ చేశాడు. "పని చేయకుండానే అయిపోయిందని చెబితే అస్సలు ఊరుకోడండీ, ఆ ఒక్కదానికే" అన్నాడు అతను. ఊళ్లో పక్కింటాయన ముందు అలాంటి సందర్భం ఎప్పుడొస్తుంది? పెళ్లి అయింది.

(మిషెల్ పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది తీపి బిళ్ల ప్రయోగం. తినకుండా కాసేపు ఆగితే రెండోది ఇస్తామని పిల్లలకు చెప్పి చూసింది ఆయనే. ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక బాగుపడతారన్న ప్రచారం చాలా జరిగింది. ఎక్కువమంది పిల్లలతో 2018లో మళ్లీ పరిశీలిస్తే ఆ సంబంధం బాగా తగ్గింది, ఇంటి పరిస్థితులను లెక్కలోకి తీసుకుంటే ఇంకా తగ్గిపోయింది.)

లోపల ఏం జరుగుతోంది?

మనోవిశ్లేషణ అనే పద్ధతిని మొదలుపెట్టిన ఫ్రాయిడ్ అడిగిన ప్రశ్న పూర్తిగా వేరు. మనుషుల మధ్య తేడాలను కొలవడం మీద ఆయనకు ఆసక్తి లేదు. తన మనసు గురించి తనకే తెలియని మనిషి ఆయనకు కావాలి. 1923లో మనసును మూడుగా విడదీసి చెప్పాడు. మన పుస్తకాల్లో ఇడ్, ఇగో, సూపర్ ఇగో అని చదువుకుంటాం. ఆ లాటిన్ పేర్లు ఇంగ్లిష్ అనువాదకులు పెట్టినవి. ఆయన జర్మన్‌లో రాసింది చాలా మామూలు మాటల్లో: 'అది', 'నేను', 'పై నేను'. ఇప్పుడే కావాలని మారాం చేసేది 'అది'. అమ్మానాన్నల గొంతుతో తప్పు తప్పు అని మందలించేది 'పై నేను'. ఈ రెండింటికీ, బయటి లోకానికీ మధ్య నలుగుతూ సర్దిచెప్పేది 'నేను'.

తెలుగులో ఇక్కడే పెద్ద అపార్థం జరిగింది. "వాడికి ఇగో ఎక్కువ" అంటే మనకు పొగరు ఎక్కువని. ఫ్రాయిడ్ చెప్పిన ఇగో పాపం మధ్యవర్తి. అది బలంగా ఉంటేనే మనిషి నిలకడగా ఉంటాడు. ఆ మాటను 'అహం' అని అనువదించడం వల్ల గందరగోళం ఇంకా పెరిగింది.

ఈ మధ్యవర్తి నొప్పిని తప్పించుకోవడానికి వేసే ఎత్తులను ఫ్రాయిడ్ కూతురు ఆనా 1936లో ఒక పుస్తకంగా క్రోడీకరించింది. వాటిలో కొన్ని మన సామెతల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం, అంటే చూపకూడని చోటు నుంచి కోపాన్ని భద్రమైన చోటికి మళ్లించడం. ఆడలేక మద్దెల ఓడు అనడం, అంటే ఓటమికి బాధపెట్టని కారణం వెతుక్కోవడం. ఆఫీసులో మాట పడి ఇంటికొచ్చి పిల్లల మీద అరిచిన ప్రతి ఒక్కరికీ మొదటిది స్వయంగా తెలుసు.

ఫ్రాయిడ్ చెప్పినవాటిలో ఎన్నో నిలబడలేదు. బాల్య లైంగిక దశల గురించిన ఆయన వాదనలకు, కలల అర్థాలకు గట్టి ఆధారాలు లేవు. ఏం జరిగినా సిద్ధాంతానికి సరిపోయేలా చెప్పుకోగలగడం దాని పెద్ద బలహీనత. మనసులో చాలా భాగం మనకు తెలియకుండా పనిచేస్తుందన్న మూల ఆలోచన మాత్రం వేరే దారుల్లో నిలిచింది. మన దేశానికి ఆ ఆలోచన త్వరగానే చేరింది. ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడిపిన గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘం స్థాపించారు.

ఫ్రాయిడ్ నుంచి విడిపోయిన యూంగ్ 1921లో మనుషులను అంతర్ముఖులు, బహిర్ముఖులు అని చెప్పాడు. దాని మీద కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ 16 టైపుల పరీక్ష కట్టారు. ఆఫీసుల్లో హెచ్‌ఆర్ వాళ్లు రాయించే, ఫలితాన్ని నాలుగక్షరాల్లో చెప్పే ఎంబీటీఐ పరీక్ష అదే. దీన్ని నమ్మి ఎవరికి ఏ పని ఇవ్వాలో నిర్ణయించడం నాకు బాధ కలిగిస్తుంది. మధ్యలో ఉన్న మనిషిని కత్తితో కోసినట్టు ఇటో అటో వేసేయడం దాని లోపం. కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి వేరే టైప్ వస్తుంది. మరి "అచ్చం నా గురించే రాశారు" అని ఎందుకనిపిస్తుంది? బెర్‌ట్రమ్ ఫోరర్ 1948లో 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్లకు ఇచ్చినట్టు ఇచ్చాడు. ఎంత సరిపోయిందో ఐదుకు మార్కులేయమంటే సగటున 4.26 వేశారు. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులోని వాక్యాలు చాలావరకు జ్యోతిషం పుస్తకంలోంచి తీసుకున్నవి.

నేర్చుకున్నదీ, షరతులతో వచ్చిందీ

ఆల్బర్ట్ బండూరా 1961లో స్టాన్‌ఫర్డ్‌లో 72 మంది చిన్నపిల్లలతో చేసిన ప్రయోగం తేలిగ్గా చెప్పేయొచ్చు. గాలి నింపిన బొమ్మను ఒక పెద్దమనిషి చితకబాదడం చూసిన పిల్లలు, అవకాశం రాగానే అదే చేశారు, అవే మాటలతో సహా. ఎవరూ బహుమతి ఇవ్వలేదు, ఎవరూ నేర్పలేదు. మనిషి, అతని నడవడి, అతని చుట్టూ ఉన్న పరిస్థితి ఒకదాన్నొకటి మలుచుకుంటూ ఉంటాయని బండూరా తర్వాత సిద్ధాంతీకరించాడు.

కార్ల్ రోజర్స్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే ఆయన చెప్పింది మన ఇళ్లలో రోజూ జరుగుతోంది. బిడ్డకు ప్రేమ షరతులతో దొరికితే, ఆ షరతులే బిడ్డ తన గురించి తాను అనుకునే మాటగా మారతాయని ఆయన అన్నాడు. ర్యాంక్ వచ్చిన రోజు ఇంట్లో పండగ, తగ్గిన రోజు మౌనం. ఇంటర్ హాస్టళ్లలో పెరిగిన మన పిల్లల్లో ఎంతమంది ఈ లెక్కను ఒంటబట్టించుకున్నారో! తనకు నిజంగా ఏమనిపిస్తోందో, ఏమనిపించాలో ఈ రెండింటి మధ్య దూరం పెరిగేకొద్దీ మనిషి లోపల చీలిపోతాడని రోజర్స్ వాదన. దీన్ని కొలవడం కష్టమే. మానసిక చికిత్సలో దాని ప్రభావం మాత్రం చాలా లోతైంది.

పుట్టుకతో ఎంత?

'పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు' అంటారు. ఈ సామెతలో రెండు వాదనలున్నాయి. గుణం పుట్టుకతో వస్తుంది, చచ్చేదాకా మారదు.

మొదటిది సగం నిజం. ఒకే జన్యువులున్న కవలలను, మామూలు కవలలను, వేరే ఇళ్లలో పెరిగిన కవలలను పోల్చిన పరిశోధనల ప్రకారం గుణాల్లో తేడాలకు సుమారు 40 నుంచి 50 శాతం దాకా జన్యువులు కారణం. ఈ అంకెను దాదాపు అందరూ తప్పుగా చదువుతారు. మీ కోపంలో 40 శాతం మీ నాన్నగారిదని దానర్థం కాదు. ఒక జనాభాలో మనుషులు ఒకరికొకరు వేరుగా ఉండటంలో జన్యువుల వాటా అది. ఒక్క మనిషి గురించి అది ఏమీ చెప్పదు. ఇంకో ఆశ్చర్యం కూడా ఉంది. ఒకే ఇంట్లో పెరిగినంత మాత్రాన అన్నదమ్ముల గుణాలు పెద్దగా కలవవు. మిగిలిన వాటా చాలావరకు ఎవరికి వారికి విడిగా ఎదురైన అనుభవాలది.

రెండోది నిజం కాదు. ఏళ్ల తరబడి అవే మనుషులను వెంబడించిన 92 అధ్యయనాలను బ్రెంట్ రాబర్ట్స్ బృందం 2006లో కలిపి చూసింది. వయసుతో మనుషులు సగటున మరింత బాధ్యతగా, మరింత నిలకడగా మారుతున్నారని తేలింది. ఎక్కువ మార్పు వచ్చేది టీనేజీలో కాదు, ఇరవై నలభై ఏళ్ల మధ్య. అదే బృందం 2017లో చికిత్స, శిక్షణల ప్రభావం మీద 207 అధ్యయనాలను పరిశీలించింది. సగటున 24 వారాల్లోనే గుణాల్లో మార్పు కొలవగలిగేంత కనిపించింది, అన్నిటికంటే ముఖ్యంగా ఆందోళన పడే స్వభావంలో. ఆందోళన సమస్యలతో వచ్చినవాళ్లు అందరికంటే ఎక్కువ మారారు. మద్యం, మత్తుమందుల అలవాటుకు చికిత్స తీసుకున్నవాళ్లలో ఆ మార్పు అందరికంటే తక్కువగా ఉంది.